ఉప్పు రాయని పులుసు

కిందటి వారం తాడేపల్లిగూడెంలో మా వీధి వాళ్ళందరికీ కుళాయిల గురించి ఒక నోటీసు వచ్చింది. పక్కింటి అమ్మాయి దాన్ని పట్టుకుని వచ్చి, "తాతగారూ, మీరు అన్నేళ్ళు ఆఫీసులో పనిచేశారు కదండీ, ఇంతకీ రేపు నీళ్ళొస్తాయా రావా, కాస్త చదివి చెప్పండి" అంది. కళ్ళజోడు తుడుచుకుని చదివాను. గొట్టముల మరమ్మతు కార్యక్రమము దృష్ట్యా సరఫరా వేళలయందు అనివార్యమైన మార్పులు సంభవించు అవకాశము గలదనీ, వినియోగదారులు తదనుగుణముగా సహకరించవలసినదనీ అందులో ఉంది. మళ్ళీ చదివాను. ఏ రోజు, ఏ వేళ, ఏ వీధి అన్నది ఎక్కడా కనపడలేదు. చివరికి కాగితం మడిచి ఇచ్చేసి, "ఎందుకైనా మంచిది, బిందెలన్నీ పట్టి పెట్టుకో అమ్మా. వీళ్ళు ఉప్పు రాయడం మరిచిపోయారు" అన్నాను. ఆ అమ్మాయి నా వైపు అదోలా చూసి, పెద్దవాణ్ణి కదా అని ఊరుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట ఎక్కడిదో ఆ అమ్మాయికి చెప్పాలంటే ఒక పూట పడుతుంది. నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు, వాళ్ళకి తీరిక ఉంటుంది. బీరువా పై అరలో నా డైరీలు సంవత్సరాల వారీగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటికంటే ఎడమవైపున, అట్ట రంగు పోయి, అంచులు చెదలు రుచి చూసి వదిలేసిన డైరీ ఒకటుంది. ఆ సాయంత్రం దాన్ని దింపి తుడిచి, వసారాలో కూర్చుని చదువుకున్నాను. పంతొమ్మిది వందల ముప్పైల నడిమి నాటి ఏలూరు, కొల్లేరు, మా బాబాయి, మా అక్క, అందరూ ఆ పసుపుపచ్చని కాగితాల్లో ఎక్కడివాళ్ళక్కడ ఉన్నారు.

నేను స్కూలు ఫైనలు ప్యాసై, ఉద్యోగం వెతుక్కుంటూ ఏలూరులో మా బాబాయి ఇంట్లో ఉండేవాణ్ణి. బాబాయి ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. గుమాస్తాగా కంటే అర్జీలు రాసే మనిషిగా ఆయనకి ఎక్కువ పేరు. పెదవేగి నుంచీ, ఉంగుటూరు నుంచీ కూడా బళ్ళు కట్టుకుని వచ్చి ఆయన చేత రాయించుకునేవారు. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆయన చెబుతుంటే నేను సాపు రాసేవాణ్ణి. ఆయన అర్జీలో మొదటి పేజీ అంతా పుచ్చుకునేవారి గుణగణాలు. రెండో పేజీ రాసుకునేవారి వినయం. తరవాత రుతువు, ఊరు, ఊరి చుట్టూ ఉన్న ప్రకృతి. ఓపికున్నవాడికి మూడో పేజీలో ఎక్కడో సంగతి తగిలేది. అది చదువుతుంటే వచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని, అర్థం కాకపోయినా తలలూపుతూ వినేవారు. బయటికి వెళ్ళేటప్పుడు వాళ్ళ కష్టం సగం తీరినట్టే ఉండేది మొహం. నాకూ అదే గొప్పగా అనిపించేది. రాయడమంటే అలాగే రాయాలనుకునేవాణ్ణి.

మా అక్కని కొల్లేటి లంకలో ఇచ్చారు. బావగారు అక్కడి బడికి పంతులు, ఆ బడికి ఆయన ఒక్కడే. చేపలు పట్టేవాళ్ళ పిల్లలూ, కౌలు రైతుల పిల్లలూ చదువుకునేవారు. ఆ సంవత్సరం ఆ బడి ఎత్తేస్తారన్న మాట పుట్టింది. కారణం చెబితే ఈ రోజుల్లో వాళ్ళు నవ్వుతారు. బళ్ళ ఇన్‌స్పెక్టరుగారు ఏటా భాద్రపదంలో వచ్చేవారు. అప్పుడైతే కొల్లేరు నిండి ఉంటుంది కాబట్టి ఏలూరు వైపు నుంచి పడవ ఎక్కితే, పాదం తడవకుండా లంక గట్టు మీద దిగవచ్చు. కానీ అదే నీళ్ళు లంక చుట్టూ ఉన్న గుడిసెల్లోకి కూడా వచ్చేవి. ఆ నెలల్లో పిల్లలు తల్లిదండ్రులతో మెరకకి వెళ్ళిపోయేవారు. అధికారిని తీసుకొచ్చే నీళ్ళే పిల్లల్ని తీసుకుపోయేవన్నమాట. ఆయన వచ్చి చూసేసరికి బడిలో బావగారూ, నల్లబల్లా తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అలా వరసగా కొన్నేళ్ళు ఖాళీ బడి చూసి, ఈ బడి దండగ అని రాశారు. సంవత్సరం తిరిగేలోగా ఎత్తివేస్తామని బావగారికి కబురు వచ్చింది.

బావగారు బాబాయి దగ్గరకొచ్చి మొర పెట్టుకుంటే, ఇంటి అల్లుడి పని కదా అని బాబాయి తన శక్తినంతా పోసి అర్జీ రాశారు. అంత మంచి అర్జీ నేను అంతకుముందు సాపు రాయలేదు. కొల్లేటి వర్ణన ఒక్కటే పేజీ దాటింది. పద్మవనములతోనూ, కలహంస కారండవాది నానావిధ పక్షిసంకుల కోలాహలముతోనూ భూలోక నందనమై విరాజిల్లు ఆ సరస్సు అని రాస్తుంటే నా చెయ్యే పొంగిపోయింది. బడి మాట చివరి పేజీలో ఉంది. కార్తీకమాసంలో అది బళ్ళని నడిపే జిల్లా బోర్డుకి వెళ్ళింది.

దానికి జవాబుగా, ఆ బోర్డుతో సంబంధమున్న ఒక పెద్దమనిషి దగ్గర్నుంచి లంకకి కబురొచ్చింది. ఆయన మొదటి రెండు కాగితాలు చదివి ముచ్చటపడిపోయారట. ఇన్ని పక్షులున్నాయని ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదే అని, తుపాకీతో సహా వస్తున్నానని, దోనెలూ బసా సిద్ధం చెయ్యమని రాయించారు. ఆ లంకలో అలాంటి పెద్దమనిషికి బస ఇవ్వదగిన పెంకు కప్పు ఒక్కటే, అది బడి. బల్లలు బయటపెట్టి, పిల్లలకి సెలవిచ్చి, ఆయనకి పక్కలు వేశారు. ఆయన బాతుల్ని కొట్టి, భోంచేసి, వెళ్ళేటప్పుడు బావగారి భుజం తట్టి, "చాలా మంచి చోటండీ మీది. అర్జీలో రాసింది అక్షరాలా నిజం" అని మెచ్చుకుని పడవెక్కారు. బడి ఊసు ఆయనా ఎత్తలేదు, నోరు పెగలక బావగారూ ఎత్తలేదు.

ఈ సంగతి ఏలూరు చేరిన రోజున బాబాయి అన్నం సరిగ్గా తినలేదు. నేను మాత్రం, ఒక మనిషి చదవడం ఎక్కడ ఆపేస్తాడన్న విషయం మొదటిసారి ఆలోచించాను.

ఆ రోజుల్లోనే నాకు ఆ పుస్తకం దొరికింది. బజారు మొగలో పుస్తకాలకి అట్టలు కట్టే సాయిబుగారొకరుండేవారు. ప్లీడరుగారి లా పుస్తకాలు మోసుకెళ్ళి ఇచ్చేది నేనే కాబట్టి మా ఇద్దరికీ స్నేహం. ఆయన ఒకరోజు మూల నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి నా మీదకి విసిరినట్టే ఇచ్చి, "అట్ట కట్టమని ఎవరో ఇచ్చి మళ్ళీ రాలేదండి. పేరు లేదు, ఊరు లేదు. మీకు ఇంగిలీసొచ్చు కదా, పట్టుకెళ్ళండి. అట్ట మాత్రం కట్టనండోయ్, అట్టకిచ్చే మొహం కాదు మీది" అన్నారు.

దానికి ముందు కాగితాలు లేవు. పేరేమిటో, రాసినదెవరో ఈనాటికీ నాకు తెలియదు. ఉన్న మొదటి పేజీ వాక్యం మధ్యలో మొదలవుతుంది. నాకు అర్థమైనంత వరకూ అందులో ఉన్నదిది: నువ్వు రాసింది ఒకడు చదివేటప్పుడు నువ్వు అతని పక్కన ఉండవు, అతను అడగలేడు, నువ్వు చెప్పలేవు, కాబట్టి అతను అడగబోయేది ముందే రాసి పెట్టు. నేను కాలవ గట్టు మీద నిలబడి ఆ పేజీ చదివి, ఇంటికి నడుస్తూ మళ్ళీ చదివాను. తెలిసీ తెలియని మాటలు చెప్పే మనిషి కాదు ఆ రచయిత. చెప్పదలచింది ముందు చెప్పమనేవాడు. ఎవరు చేశారో, ఏం చేశారో ఆ రెండిటినీ దగ్గరగా పెట్టమనేవాడు. వర్ణించాలని చెయ్యి దురద పెట్టినప్పుడు కలం కింద పెట్టి కాస్త తిరిగి రమ్మనేవాడు. ఈ మాట చదివినప్పుడల్లా మా బాబాయి కలం నా కళ్ళ ముందు కదిలేది.

పుస్తకం ఇంగ్లీషుదైనా నేను రాయవలసింది తెలుగు. మన వాక్యం చేసి, వెళ్ళి, చూసి, వచ్చి అంటూ ఏలూరు కాలవలా ఎంత దూరమైనా సాగిపోతుంది, ఎక్కడ ఆపాలో రాసేవాడే తేల్చుకోవాలి. మొదట్లో మరీ తెగ్గొట్టాను. నేను రాసింది చూసి బాబాయి, "ఏంట్రా ఇది, పచారీ కొట్టు చిట్టాలా ఉంది" అన్నారు. తరవాత్తరవాత, గుక్క తిప్పుకోకుండా చదవగలిగినంత ఉంటే చాలని తెలిసింది. ఇప్పుడు ఈ వయసులో నా వాక్యాలు మళ్ళీ పొడుగైపోతున్నాయి. ఆ పుస్తకం చూస్తే కోప్పడేదే.

ప్రతి పాఠం చివరా ఒక అభ్యాసం ఉండేది. బూటు లేసు కట్టుకోవడం ఎలాగో, బూటు ఎన్నడూ చూడనివాడికి అర్థమయ్యేలా రాయమని ఒకటి. బూటు ఎన్నడూ తొడగనివాణ్ణి నేనే. బొగ్గుల పొయ్యి, పొగమంచు, అన్నీ మనవి కాని సంగతులే. అందుకని నాకు తెలిసినదాన్ని తీసుకున్నాను. మా అక్క కొల్లేటి చేపల పులుసు ఎలా పెడుతుందో వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. అది రాశాను. రాసినదాన్ని ఆ పని తెలియనివాడి చేతికిచ్చి, పక్కన నిలబడకుండా, వాడు ఏం చేస్తాడో చూడమని పుస్తకం చెప్పింది. సాయిబుగారి భార్య అప్పుడు పుట్టింట్లో ఉన్నారు. ఆయన చెయ్యి కాల్చుకుంటున్నారు. తెలుగు చక్కగా చదువుతారు. ఆ కాగితం ఆయనకిచ్చాను.

మర్నాడు ఆయన గిన్నె మీద మూత పెట్టి, గుడ్డ కట్టి, మా వీధి అరుగు దాకా మోసుకొచ్చారు. "ముందు మీరు తినండి" అన్నారు. రంగు బాగుంది, ఘుమాయింపు బాగుంది, చింతపండు పులుపు సరిగ్గా కుదిరింది. నోట్లో పెట్టుకుంటే సప్పగా ఉంది.

"ఉప్పు వెయ్యలేదాండీ?" అన్నాను.

"మీరు రాశారాండీ?"

"అదేంటండీ, ఉప్పు వేసుకోవాలని ఎవరికి తెలీదు?"

"తెలుసండి. కానీ మీరు కాగితంలో ఉన్నట్టే చెయ్యమన్నారు కదండీ! నేను చేప కొన్నానండి, కూలి పోగొట్టుకున్నానండి, మా పక్కింటివాళ్ళు ముక్కులెగరేసుకుంటూ వస్తే వాళ్ళకీ పోశానండి. వాళ్ళు నన్నేం అన్నారో మీరు డయిరీలో రాసుకుంటే బావుంటుంది" అని అరుగు మీద కూలబడి పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. పిన్ని లోపల్నుంచి ఉప్పు తెచ్చి కలిపింది. ముగ్గురం ఆ పులుసు పూర్తి చేశాం.

ఆ రోజే నేను డైరీ మొదలుపెట్టాను. ఆయన అన్నది రాసుకున్నాను. రాసేవాడికి మరీ బాగా తెలిసినదే కాగితం మీదకి రాదని, దాని కింద ఒక ముక్క చేర్చుకున్నాను. ఇంతవరకూ నేను రాయడం గురించి నేర్చుకున్నదాంట్లో అంతకంటే పెద్ద సంగతి లేదు.

పుష్యమాసంలో పిన్నికి ఒంట్లో బాగాలేదని తెలిసి అక్క చూడ్డానికి వచ్చింది. తుపాకీ సంగతి అంతా మళ్ళీ చెప్పింది. "బడి కోసం కాగితం పెడితే బాతుల మీదకి తుపాకీ వచ్చిందిరా తమ్ముడూ" అని నవ్వుతూనే అంది గానీ, చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకుంది. బడి ఎత్తేస్తే బావగారిని మెట్టలోకి, జంగారెడ్డిగూడెం అవతలికి వేస్తారని అనుకుంటున్నారట. "మాకేం, ఎక్కడ వేస్తే అక్కడికి పోతాం. ఆ పిల్లలు ఎక్కడికి పోతారు? ఇప్పుడిప్పుడే ఇద్దరు ముగ్గురు వాళ్ళ నాన్నలకి కౌలు కాగితాలు చదివి చెప్తున్నారు. రేపు మళ్ళీ ఎవడు ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేస్తారు" అంది.

ఈసారి బోర్డుకి కాదు, నేరుగా ఇన్‌స్పెక్టరుగారికే అర్జీ నేను రాస్తానన్నాను. బాబాయి నా వైపు చూడలేదు, వద్దనీ అనలేదు.

రాశాను. భాద్రపదంలో పిల్లలు ఎందుకు ఉండరో, నీళ్ళు తీశాక ఎలా వస్తారో ఒక్క కాగితంలో ఇమిడేలా రాశాను. ఆ సంగతి ఏమీ తెలియని మనిషికి చదివి వినిపించమంది పుస్తకం. ఇంట్లో ఆ అర్జీల గొడవ పట్టనిది మంచం మీద ఉన్న పిన్ని ఒక్కతే, ఆవిడకి చదివాను. ఆవిడ శ్రద్ధగా వింది. "పాపం పిల్లలు! బాగా రాశావురా. ఇంతకీ ఆయన్ని ఏం చెయ్యమంటున్నావు?" అంది.

నేను కాగితం వైపు చూశాను. బడి ఉంచమని కోరడం మాకు ఎంత తెలిసిన సంగతంటే, అది నేను ఎక్కడా రాయలేదు. మళ్ళీ ఉప్పు మరిచాను.

"బడి ఉంచమని రాస్తాను" అన్నాను.

"ఉంచమంటే ఎందుకుంచుతాడు? ఆయన కళ్ళతో ఆయన ఖాళీ బడి చూశాడాయె" అంది అక్క. "ఫాల్గుణంలో రమ్మని రాయి. వచ్చి చూసి, అప్పుడు ఎత్తేస్తే ఎత్తెయ్యమను" అంది.

ఫాల్గుణంలో కొల్లేరు వెనక్కి తీసి, ఎక్కడ చూసినా బురద. పెద్ద పడవ రాదు. ఆ రోజుల్లో లంకకి అధికారి అనేవాడు రాడు. వస్తే దారి ఎవరు చెబుతారు? ముందుగా కబురు చేసి వస్తే ఊరు ఊరంతా ఏర్పాట్లలో పడి మళ్ళీ బడి మూసేస్తారు. కబురు చెయ్యకుండా రావాలి, ఎవర్నీ అడక్కుండా రావాలి. అందుకని దారి రాశాను. బండి ఎక్కడ ఆగిపోతుందో, అక్కణ్ణుంచి గట్టు ఏ వైపు తిరుగుతుందో, తాటిదోనె ఎక్కడ కట్టి ఉంటుందో, దోనె దిగాక బురదలో పాతిన కర్రలకి కుడివైపునే ఎందుకు నడవాలో, అక్కతో ఒక్కొక్కటీ చెప్పించుకుని, నేను నడిచినవి గుర్తు తెచ్చుకుని రాశాను. దోనె దగ్గరే బూట్లు విప్పి చేత పట్టుకోవాలని కూడా రాశాను.

బూట్ల దగ్గర బాబాయి లేచారు.

"అధికారిని బూట్లు విప్పమని రాస్తావురా! అర్జీలో!"

"విప్పకపోతే బురదలో ఉండిపోతాయి బాబాయ్."

"ఉండనీరా. బూట్లు పోతే ఆయనవి పోతాయి. మర్యాద పోతే మనది పోతుంది. పైన సంబోధన ఏదీ? మహారాజశ్రీ ఏదీ? గుమ్మంలోకి అడుగు పెడుతూనే పని చెప్తావా పెద్దవాళ్ళకి?"

ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఇన్‌స్పెక్టరుగారికి కోపం వస్తే బడితోపాటు బావగారి పని కూడా పోవచ్చు. అప్పుడు అక్క, పిన్నికి కాళ్ళు పడుతున్నదల్లా తల ఎత్తకుండానే, "బాబాయ్, మర్యాద కిందటిసారి పంపించాం కదా, తుపాకీ వచ్చింది. ఈసారి దారి పంపిద్దాం" అంది. అక్క ఆ ఇంట్లో అలా మాట్లాడటం ఎవరం ఎరగం. బాబాయి కూర్చుని కలం తీసి, సంతకాలకి నేను వదిలిన చోటు కింద, కాగితం అడుగున, తన సంబోధన మొత్తం, ఒక్క విశేషణం తగ్గకుండా రాసి, "ఇది ముందుండకూడదంటే చివరుంటుంది. లేకుండా మాత్రం పోదు" అన్నారు. అర్జీ అలాగే వెళ్ళింది. ఊరివాళ్ళ సంతకాలు ముందు, మహారాజశ్రీలు వెనక. అలాంటి అర్జీ అప్పటికి ఎక్కడా ఉండి ఉండదు.

తరవాత కబురు లేదు. మాఘం గడిచింది. బాబాయి నన్ను ఏమీ అనలేదు గానీ, పోస్టు జవాను మా వీధిలోకి రాకుండా పక్క వీధిలోకి మళ్ళినప్పుడల్లా నా వైపు ఒకసారి చూసేవారు. ఫాల్గుణం వచ్చింది. ఉండబట్టలేక నేను లంకకి వెళ్ళి అక్క వాళ్ళింట్లో దిగాను. పొద్దున్నే గట్టు మీదకి వెళ్ళి, ఎండ ముదిరేదాకా నిలబడి రావడం నా పని. "చేపలు పట్టేవాళ్ళు కూడా ఇంత కనిపెట్టుకుని ఉండరు బావమరిదీ" అని బావగారు వేళాకోళం చేసేవారు. ఆయన గొంతు కూడా అంత నమ్మకంగా లేదు.

ఒకనాడు పొద్దుటే బురద అవతల ఒక మనిషి కనిపించాడు. పంట్లాం మోకాళ్ళ పైకి మడిచి, ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో కాగితం. నాలుగడుగులు వేసి కాగితం చూసుకుంటున్నాడు, కర్రలు చూసుకుంటున్నాడు, మళ్ళీ అడుగు వేస్తున్నాడు. ఇంతలో నీళ్ళలోంచి లేచిన గేదె ఒకటి సరిగ్గా కర్రల కుడివైపు అడ్డంగా నిలబడింది. ఆయన అదిలించాడు. అది కదల్లేదు. ఆయన ఎడమవైపుకి తప్పుకుని మోకాలి లోతుకి దిగబడిపోయాడు. గడ్డి కోసుకుంటున్న ఒక ముసలమ్మ చూసి, "ఏవండోయ్, అటెందుకెళ్ళారండీ! కర్రలకి కుడివైపు రావాలని మీకెవరూ చెప్పలేదా!" అని కేకేసింది.

"చెప్పారమ్మా! చెప్పారు గానీ, గేదె సంగతి ఇందులో రాయలేదు!" అని ఆయన ఆ బురదలో నిలబడే కాగితం పైకెత్తి చూపించాడు.

పరుగెత్తి వెళ్ళి చెయ్యి అందించాను. నేనెవరో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన తిన్నగా బడి గుమ్మం దగ్గరికి నడిచి వెళ్ళి, కాళ్ళకి బురదతోనే నిలబడ్డారు. లోపల బావగారు వీపు ఇటు పెట్టి నల్లబల్ల మీద లెక్క వేస్తున్నారు. పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. చోటు చాలక కొందరు కిటికీ గట్టు మీద కూర్చున్నారు. ఒక పిల్ల తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని పలక మీద రాస్తోంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు కాబట్టి ఎవరూ లేవలేదు, లెక్క ఆగలేదు. ఇన్‌స్పెక్టరుగారు ఆ లెక్క అయిపోయేదాకా గుమ్మంలోనే ఉన్నారు. తరవాత నెమ్మదిగా దగ్గారు. బావగారు వెనక్కి తిరిగి, చేతిలో సుద్ద ముక్క జారవిడిచారు.

ఆ పూట ఆయన పిల్లల చేత చదివించారు, రాయించారు. అక్క పెట్టిన పులుసుతో అన్నం తిన్నారు. అందులో ఉప్పు ఉంది. వెళ్ళేముందు, ఇకనుంచి ఈ బడి తనిఖీ ఫాల్గుణంలో జరగాలని రాశారు. దోనె ఎక్కబోతూ ఆ కాగితం మడతలు విప్పి, "దీని చివర చాలా మంచి సంబోధన ఉందండీ. వచ్చేటప్పుడు చదవడానికి తీరిక లేకపోయింది. వెళ్ళేటప్పుడు చదువుకుంటాను" అన్నారు. నిజంగానే, దోనె కదులుతుంటే ఆయన చదువుకుంటూ వెళ్ళడం గట్టు మీంచి చూశాను. ఆ మాట ఏలూరు వచ్చి బాబాయికి చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ రాత్రి అన్నం సుష్టుగా తిన్నారు.

బడి ఉంచుతున్నట్టు ఎండాకాలం సెలవుల తరవాత తాఖీదు వచ్చింది. బాబాయి అర్జీలు మానలేదు, వర్ణనలూ మానలేదు. కానీ మొదటి పేజీ సగానికి తగ్గింది. సాపుకి ఇచ్చేటప్పుడు, ఎవరూ వినకుండా, "ఉప్పు చూడరా" అనేవారు. మరికొన్నాళ్ళకి నాకు తాడేపల్లిగూడెంలో ఆఫీసు ఉద్యోగం దొరికింది. ప్రయాణమయ్యే ముందు సాయిబుగారు ఆ పుస్తకం అడిగి తీసుకుని, ఎర్ర కాలికో గుడ్డతో అట్ట కట్టి తెచ్చారు. "వీపు మీద ఏం పేరు వెయ్యమంటారండీ?" అని అడిగారు. దాని పేరు ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఖాళీగానే వదిలేశాం. అది ఇప్పటికీ డైరీల పక్కనే ఉంది, పేరు లేకుండా.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ కాగితం పంపబోయినా, ఇది అందుకున్న మనిషి తరవాత ఏం చెయ్యాలో ఇందులో ఉందా అని ఒకసారి ఆగి చూసుకునేవాణ్ణి. కొత్తగా చేరిన గుమాస్తాలకి పులుసు కథ చెప్పేవాణ్ణి. వాళ్ళు నా వెనక నాకు పెట్టిన పేరేమిటో మీరు ఊహించుకోవచ్చు.

బాబాయి, పిన్ని, బావగారు, సాయిబుగారు ఒకరి తరవాత ఒకరు వెళ్ళిపోయారు. అక్క కూడా వెళ్ళిపోయింది. కిందటి శీతాకాలంలో అక్క మనవరాలికి పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అదే లంకలో, అదే బడిలో. చూడ్డానికి రమ్మని కార్డు రాసింది. దారి నాకు తెలుసు కదా అనుకున్నాను గానీ, నాకు తెలిసిన దారి ఇప్పుడు లేదని ఆ పిల్లకి తెలుసు. తాడేపల్లిగూడెంలో ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, దిగాక చేపల చెరువుల మధ్య ఏ గట్టు పట్టుకోవాలో, ఏ మలుపు దగ్గర ఆటో దొరుకుతుందో, దొరక్కపోతే ఏ నీడన కూర్చోవాలో కార్డు మీద చోటు సరిపోయేలా రాసింది. అడుగున సన్నని అక్షరాలతో, "ఉప్పు వేశాను తాతయ్యా, చూసుకో" అని ఉంది. అది వాళ్ళమ్మమ్మ చెప్పి ఉంటుంది.

ఆ కార్డు పట్టుకుని వెళ్ళాను. ఎక్కడా ఎవర్నీ అడగవలసిన అవసరం రాలేదు. ఒకప్పుడు కనుచూపు మేర నీళ్ళుండే చోట గట్లు, గట్ల మీద మోటార్లు, గట్ల నడుమ ఎవరి నీళ్ళు వాళ్ళకి. భాద్రపదంలో పిల్లలు ఎక్కడికీ వెళ్ళక్కరలేదట, ఇన్‌స్పెక్టరు జీపులో ఏ నెల కావలిస్తే ఆ నెల వస్తారట. మంచిదే. పిల్లలు నాకు నమస్కారం చేసి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ పాఠం చదివి వినిపించారు. ఆ గలాటాలో నేను మా అక్క గొంతు వెతుక్కున్నాను.

తిరిగొచ్చాక పాత డైరీలో అతికించి ఉన్న అర్జీ చిత్తుప్రతిని తీసి చదువుకున్నాను. ఒక్కొక్క వాక్యమూ ఇప్పటికీ తేటగానే ఉంది. కానీ ఈ రోజు దాన్ని పట్టుకుని ఎవరైనా బయల్దేరితే నాలుగడుగులు వెయ్యలేడు. బండి ఆగే చోటు లేదు, తాటిదోనె లేదు, బురదలో పాతిన కర్రలు లేవు, కుడివైపూ ఎడమవైపూ లేవు. ఆ కాగితంలో ఉన్నవాటిలో ఇంకా అక్కడ ఉన్నది ఒక్కటే. దారి మొత్తం దేనికోసం రాశామో, ఆ బడి.